ఎదురుగా వేస్తే కుదిరే కన్ను, తల తిరగగానే ఎందుకు చెడుతుంది?

బొమ్మలు వేసే అలవాటున్న పిల్లల నోట్సు చివరి పేజీ తిప్పితే అక్కడ ఒక కన్ను ఉండి తీరుతుంది. విజయనగరంలో చూసినా, శ్రీకాకుళంలో చూసినా దాదాపు అదే కన్ను. ఒంటిగా ఉంటుంది, సూటిగా ఎదుటికి చూస్తుంటుంది, దట్టమైన వెంట్రుకలు, నల్లగుడ్డులో కిటికీ ఆకారంలో ఒక మెరుపు, కొందరైతే కింద ఒక కన్నీటి చుక్క కూడా. చాలా బాగా వేస్తారు, షేడింగ్‌లో వంక పెట్టడానికి ఉండదు. అదే చెయ్యి, అరుగు మీద కూర్చుని పక్కకు తిరిగి వీధిలోకి చూస్తున్న అమ్మమ్మ బొమ్మ మొదలుపెడితే మాత్రం కళ్ల దగ్గరకొచ్చేసరికి ఆగిపోతుంది. ముక్కు కుదురుతుంది, జుట్టు ముడి కుదురుతుంది, చీర మడతలు కూడా కుదురుతాయి. కళ్లు మాత్రం ఇంకెవరి ముఖంలోంచో తెచ్చి పెట్టినట్టు ఉంటాయి.

దీన్ని చాలామంది ప్రాక్టీసు చాలకపోవడం అనుకుంటారు. అందుకని మళ్లీ అదే ఎదురుగా ఉన్న కన్ను ఇంకో వందసార్లు వేస్తారు, అది ఇంకా నున్నగా వస్తుంది, పక్కకు తిరిగిన ముఖం మాత్రం అక్కడే ఉండిపోతుంది. అసలు కారణం వేరు. కన్నుని ఒక ఆకారంగా కంఠస్థం చేశారు: చేపలాంటి గీత, మధ్యలో గుండ్రం, పైన ఒక మడత. ఆ ఆకారం ఒకే ఒక్క కోణంలో నిజం. తల పది పదిహేను డిగ్రీలు తిరిగితే చాలు, అది అబద్ధమైపోతుంది. కాబట్టి గుర్తుపెట్టుకోవాల్సింది గీతని కాదు, ఆ గీత వెనకున్న వస్తువుని. ఒక గుండ్రటి గుడ్డు, దాన్ని పట్టుకుని ఉన్న మందమైన రెండు రెప్పలు, వాటి చుట్టూ ఎముక గుంట. ఈ మూడూ బుర్రలో ఉంటే ఏ కోణమైనా ఆలోచించి తేల్చుకోవచ్చు, ప్రతి కోణానికీ విడిగా ఒక బొమ్మ బట్టీ పట్టాల్సిన అవసరం ఉండదు.

ముందు కొలతలు చూద్దాం, ఎందుకంటే ఇవి తెలిస్తే సగం తప్పులు అక్కడే ఆగిపోతాయి. పెద్దవాళ్ల కంటిగుడ్డు అడ్డంగా సుమారు 24 మిల్లీమీటర్లు ఉంటుంది. బయటికి కనిపించేది అందులో చిన్న ముక్క మాత్రమే. రెప్పల మధ్య తెరుచుకున్న భాగం ఈ కొలికి నుంచి ఆ కొలికికి 28 నుంచి 30 మిల్లీమీటర్లు, ఎత్తు 10 మిల్లీమీటర్ల దరిదాపు. నల్లగుడ్డు, అంటే తెలుపు మధ్యలో రంగుతో కనిపించే గుండ్రం మొత్తం, అడ్డుకొలత దాదాపు 12 మిల్లీమీటర్లు. ఇక్కడ ఒక లెక్క దానంతటదే బయటపడుతుంది: తెరుచుకున్న ఎత్తు 10, నల్లగుడ్డు 12. అంటే మామూలుగా కళ్లు తెరిచి చూస్తున్న మనిషిలో నల్లగుడ్డు పూర్తి గుండ్రంగా కనిపించే అవకాశమే లేదు. పై రెప్ప దాని మీదికి ఒకటి రెండు మిల్లీమీటర్లు దిగి ఉంటుంది, కింది రెప్ప దాని అంచుని తాకుతూ ఉంటుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లు గుండ్రం మొత్తం గీసేసి చుట్టూ తెలుపు వదులుతారు, దాంతో ఎంత ప్రశాంతమైన ముఖమైనా భయపడినట్టో ఉలిక్కిపడినట్టో తయారవుతుంది.

ఒడిశా సరిహద్దు జిల్లా కాబట్టి శ్రీకాకుళం వాళ్లకు జగన్నాథస్వామి ముఖం చిన్నప్పటినుంచీ తెలిసిందే. ఆ కళ్లు పూర్తి గుండ్రాలు, వాటి మీద రెప్ప అన్నదే లేదు. రెప్ప వాల్చకుండా అందర్నీ ఒకేసారి చూస్తున్న భావం ఆ గుండ్రంలోంచే వస్తుంది, దేవుడి ముఖానికి అది ఎంతో నిండుగా ఉంటుంది. మనిషి ముఖంలో మాత్రం రెప్పే సగం కథ చెబుతుంది. నిద్ర, అలసట, అనుమానం, ఆప్యాయత, ఇవన్నీ పై రెప్ప ఒక మిల్లీమీటరు ఎక్కడం దిగడంలోనే ఉన్నాయి.

రెప్పల గీతలు కూడా అటూ ఇటూ సమానంగా ఉండవు. పై రెప్ప వంపులో అన్నిటికన్నా ఎత్తైన చోటు మధ్యకన్నా కాస్త ముక్కువైపుకి ఉంటుంది, కింది రెప్పలో అన్నిటికన్నా పల్లమైన చోటు చెవివైపుకి ఉంటుంది. చాలా ముఖాల్లో చెవివైపు కొలికి ముక్కువైపు కొలికి కన్నా కొంచెం పైకి ఉంటుంది. ముక్కువైపు కొలికిలో ఒక చిన్న గులాబీరంగు కండ ఉంటుంది, చెవివైపు కొలికిలో ఉండదు. ఇవి చిన్న విషయాల్లా కనిపిస్తాయి కానీ, ఏది కుడికన్ను, ఏది ఎడమకన్ను అన్నది బొమ్మలో తెలిసేది వీటివల్లే. ఎడమకన్ను ఒక్కటే వేసి మురిసిపోయేవాళ్లు కుడికన్ను దగ్గర తడబడటం అందరూ చూసేదే, ఆ చేతికి ఒకవైపు వంపు మాత్రమే అలవాటైపోయింది.

ఇక కోణాల విషయం. దీనికి ఖరీదైన పుస్తకాలూ కోర్సులూ అక్కర్లేదు, ఒక టేబుల్ టెన్నిస్ బంతి చాలు. ఆ బంతి అడ్డుకొలత 40 మిల్లీమీటర్లు. కంటిగుడ్డు 24 అయితే నల్లగుడ్డు 12, కాబట్టి బంతి మీద నల్లగుడ్డు 20 మిల్లీమీటర్ల గుండ్రం. ఒక మార్కరుతో ఆ గుండ్రం గీసి, దాని నడిమధ్య కనుపాప, అంటే వెలుతురు లోపలికి పోయే చిన్న నల్లచుక్క, నింపాలి. తర్వాత కాస్త గట్టిగా కలిపిన చపాతీ పిండిని రెండు పట్టీలుగా చేసి పై రెప్ప, కింది రెప్ప బంతి మీద అతికించాలి. రెప్ప అంచు నిజంగా 2 మిల్లీమీటర్ల మందం ఉంటుంది కాబట్టి ఇక్కడ పట్టీ మందం 3 మిల్లీమీటర్లకు కాస్త పైన ఉంటే సరి. ఈ బొమ్మని బల్ల మీద పెట్టి, ఒకే బల్బు వెలుగులో కొద్దికొద్దిగా తిప్పుతూ ఒక్కో మలుపుకీ ఒక్కో చిన్న బొమ్మ వేయాలి. ఒక సాయంత్రం ఇలా వేస్తే తెలిసేది, వీడియోలు చూస్తూ నెల్లాళ్లు కాపీ కొట్టినా తెలియదు. ముఖ్యంగా ఆ పిండి పట్టీ మందం. ఏ వైపు నుంచి చూస్తే పై రెప్ప కింది అంచు కనిపిస్తోంది, ఎప్పుడు కింది రెప్ప పై అంచు కనిపిస్తోంది అన్నది చేతితో పట్టుకుని చూసినట్టు అర్థమవుతుంది.

బంతిని తిప్పేటప్పుడు గుండ్రం కోడిగుడ్డు ఆకారంలోకి మారడం కనిపిస్తుంది. ఎంత సన్నబడుతుందో లెక్క కూడా ఉంది, పదో తరగతి త్రికోణమితిలో చదివిన కొసైనే. 12 మిల్లీమీటర్ల నల్లగుడ్డు 30 డిగ్రీలు పక్కకు తిరిగితే వెడల్పు 10.4 అవుతుంది, 45 డిగ్రీలకు 8.5, 60 డిగ్రీలకు 6. ఎత్తు మాత్రం 12 అలాగే ఉంటుంది. ఇందులో గమనించాల్సింది ఏమిటంటే మొదటి 30 డిగ్రీల్లో మార్పు చాలా తక్కువ, ఆ తర్వాత 30 డిగ్రీల్లో ఒక్కసారిగా ఎక్కువ. కొత్తవాళ్లు దీన్ని తలకిందులు చేస్తారు. తల కాస్త తిరగగానే నల్లగుడ్డుని బాగా నొక్కేస్తారు, పూర్తిగా తిరిగాక నొక్కాల్సినంత నొక్కరు.

ముప్పాతిక ముఖం, అంటే ఎదురుగానూ కాకుండా పూర్తి పక్కకూ కాకుండా సగం తిరిగిన ముఖం, అన్నిటికన్నా ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఇదే. కల్యాణ మండపంలో తీసిన ఫొటోల్లో సగం ముఖాలు ఇలాగే ఉంటాయి. ఇక్కడ రెండు కళ్లూ ఒకే కొలతలో సన్నబడతాయని అనుకోవడం పెద్ద పొరపాటు. కంటి గుంటలో చెవివైపు ఎముక అంచు ముక్కువైపు అంచుకన్నా వెనక్కి ఉంటుంది. అందుకే మనకు చెవివైపు చూపు 90 డిగ్రీలు దాటి విస్తరిస్తుంది, ముక్కువైపు మాత్రం 60 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. బొమ్మ వేసేవాళ్లకు దీని అర్థం ఇది: ఎదురుగా చూస్తున్న ముఖంలోనే రెండు కళ్ల తెరుపులు కొద్దిగా చెరోవైపుకి తిరిగి ఉన్నాయి. ఆ తిరుగుడు 15 డిగ్రీలు అనుకుందాం. తల 45 డిగ్రీలు తిరిగితే మనకు దగ్గరగా ఉన్న కన్ను 30 డిగ్రీలే తిరిగినట్టు, అవతలి కన్ను 60 డిగ్రీలు తిరిగినట్టు. 30 మిల్లీమీటర్ల తెరుపు దగ్గరి కంట్లో 26 కనిపిస్తుంది, అవతలి కంట్లో 15. దాదాపు సగం! దీనికి తోడు ముక్కు దూలం అడ్డొచ్చి అవతలి కన్ను లోపలి కొలికిని తినేస్తుంది, ఆ గులాబీ కండ అసలు కనిపించకపోవచ్చు. బొమ్మలో అవతలి కన్ను పెద్దదైపోయి ముఖం అంచు దాటి బయటికి వచ్చినట్టు కనిపించడానికి కారణం ఈ సగం అన్న మాటని నమ్మలేకపోవడమే. చూస్తే సగమే కనిపిస్తుంది, చెయ్యి మాత్రం మొత్తం వేసేస్తుంది, ఎందుకంటే కన్ను అంటే ఇంత ఉండాలని బుర్ర ముందే తీర్మానించేసింది.

విచిత్రం ఏమిటంటే రెప్పల తెరుపు రెండు కళ్లలో ఇంత తేడాగా ఉన్నా, నల్లగుడ్లు మాత్రం రెండూ ఒకే మోతాదులో సన్నబడతాయి. మనిషి దూరంగా ఉన్నదాన్ని చూస్తున్నప్పుడు రెండు గుడ్లూ ఒకే దిక్కుకు తిరిగి ఉంటాయి కాబట్టి. 45 డిగ్రీల్లో రెండూ 8.5 మిల్లీమీటర్ల వెడల్పే. దగ్గరి కంట్లో 26లో ఎనిమిదిన్నర, అవతలి కంట్లో 15లో ఎనిమిదిన్నర. అందుకే అవతలి కంట్లో తెలుపు చాలా తక్కువ కనిపిస్తుంది, అక్కడ నల్లగుడ్డే నిండిపోయినట్టు ఉంటుంది. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే ముప్పాతిక ముఖం సగం కుదిరినట్టే.

అయితే ఇక్కడిదాకా చెప్పింది తల ఎటు తిరిగితే చూపూ అటే ఉన్నప్పటి మాట. మనుషులు అలా ఉండరు కదా. తల పక్కకు తిప్పి ఉంచి కళ్లతో మాత్రం మనవైపు చూస్తారు, లేదా తల మనవైపు పెట్టి చూపు గడియారం మీదికి పంపిస్తారు. కాబట్టి ప్రతి బొమ్మలో రెండు కోణాలు ఉంటాయి, తల కోణం, చూపు కోణం. రెప్పలూ కొలుకులూ కనుబొమలూ తల మాట వింటాయి, నల్లగుడ్డు చూపు మాట వింటుంది. తల 45 డిగ్రీలు తిరిగి ఉండి కళ్లు మనల్నే చూస్తుంటే, రెప్పల తెరుపులు ఇందాకటి లెక్కలోనే సన్నగా ఉంటాయి, కానీ నల్లగుడ్లు మళ్లీ గుండ్రం అయిపోతాయి. దగ్గరి కంట్లో నల్లగుడ్డు చెవివైపు కొలికికి జరుగుతుంది, అవతలి కంట్లో ముక్కువైపుకి జరుగుతుంది. గుడ్డు 30 డిగ్రీలు తిరిగితే నల్లగుడ్డు తన చోటు నుంచి సుమారు 5 మిల్లీమీటర్లు జరుగుతుంది, చూడటానికి చిన్న కొలతే కానీ 30 మిల్లీమీటర్ల తెరుపులో అది చాలా దూరం.

ఈ రెండు కోణాల సంబంధం మీద ఇంగ్లండ్‌కు చెందిన శాస్త్రవేత్త విలియం వొలాస్టన్ 1824లోనే రాయల్ సొసైటీ పత్రికలో ఒక వ్యాసం ప్రచురించాడు. చిత్రపటాల్లో కళ్ల చూపు ఏ దిక్కుకి ఉన్నట్టు కనిపిస్తుంది అన్నది దాని విషయం. ఒకే జత కళ్లని ఏ మార్పూ లేకుండా ఉంచి, వాటి కింద ముక్కూ మిగతా ముఖమూ వేరే దిక్కుకి తిరిగినట్టు మారిస్తే, చూసేవాళ్లకు ఆ కళ్ల చూపే మారిపోయినట్టు కనిపిస్తుందని బొమ్మలతో సహా చూపించాడు. ఇది చదివితే ఒంటికన్ను ప్రాక్టీసు ఎందుకు అక్కరకు రాదో తేలిగ్గా అర్థమవుతుంది. కన్ను ఎటు చూస్తోందో కన్ను ఒక్కటే చెప్పలేదు, పక్కన ముక్కు ఎటు ఉందో తెలిస్తేనే తెలుస్తుంది. అందుకే కన్ను వేస్తే జతగా వేయాలి, మధ్యలో ముక్కు దూలం కనీసం రెండు గీతల్లోనైనా ఉండాలి. ఒంటికన్నుల మీద పెట్టే సమయమంతా ఇటు మళ్లిస్తే ఎంతో మేలు.

మనిషి చూపు ఇంత స్పష్టంగా తెలియడానికి తెల్లగుడ్డే కారణం. 1997లో జపాన్ పరిశోధకులు ఇద్దరు నేచర్ పత్రికలో ఎన్నో కోతి జాతుల కళ్లని మనిషి కళ్లతో పోల్చి, మనిషిలో తెల్లభాగం ఎక్కువగా బయటికి కనిపిస్తుందని, కన్ను అడ్డంగా ఎక్కువ సాగి ఉంటుందని చూపించారు. బొమ్మ వేసేవాళ్లకు ఇందులో పనికొచ్చే ముక్క ఒకటుంది: నల్లగుడ్డుకి ఇటువైపు ఎంత తెలుపు, అటువైపు ఎంత తెలుపు అన్న నిష్పత్తే చూపుని చెబుతుంది. కాబట్టి నల్లగుడ్డు గీసేకన్నా ముందు ఆ రెండు తెల్లటి త్రికోణాలు ఎంతెంత ఉన్నాయో చూసి వాటిని గీస్తే నల్లగుడ్డు దాని చోట అదే కూర్చుంటుంది.

పూర్తి పక్క ముఖం నిజానికి ముప్పాతిక కన్నా తేలిక, కానీ బట్టీ పట్టిన చేప ఆకారం ఇక్కడ కూడా వెంటాడుతుంది. పక్కనుంచి చూస్తే ముక్కువైపు కొలికి కనిపించదు, కాబట్టి చేపకి ఒకవైపు మొన ఉండే ప్రశ్నే లేదు. మిగిలేది చెవివైపు మొన ఉన్న ఒక చిన్న త్రికోణం, దాని ముందు వైపు గుడ్డు వంపు. పై రెప్ప అంచు కింది రెప్పకన్నా ముందుకి ఉంటుంది, కాబట్టి పై రెప్ప నుంచి కింది రెప్పకు ఒక గీత గీస్తే అది నిట్టనిలువుగా ఉండదు, కిందికి పోయేకొద్దీ వెనక్కి వాలుతుంది. ఇది నిలువుగా గీస్తే ముఖం బొమ్మలా బిగుసుకుపోతుంది. కొసైన్ లెక్క ప్రకారం 90 డిగ్రీల్లో నల్లగుడ్డు ఒక గీతై మాయమైపోవాలి, కానీ నిజంగా మనిషిని పక్కనుంచి చూస్తే సన్నటి కోడిగుడ్డులా కనిపిస్తూనే ఉంటుంది. దాని ముందున్న పారదర్శకమైన పొర ఉబ్బెత్తుగా ఉండి వెలుతుర్ని వంచుతుంది, అందుకే. ఆ ఉబ్బు కూడా గీయాలి. పక్క ముఖంలో నల్లగుడ్డుకి కాస్త ముందు ఒక సన్నని గాజు వంపు, దాని మీద మెరుపు చుక్క. ఇది వేయగానే కంటికి తడి వస్తుంది.

పక్క ముఖంలో ఎదురుకన్ను పెట్టడం అన్ని చోట్లా తప్పేమీ కాదు, ఆ మాట కూడా చెప్పాలి. ప్రాచీన ఈజిప్టు చిత్రకారులు వేల ఏళ్లపాటు పక్కకు తిరిగిన ముఖంలో ఎదురుగా చూసే కన్నే వేశారు. గుజరాత్ ప్రాంతపు జైన తాళపత్ర చిత్రాల్లో అవతలి కన్ను ముఖం అంచు దాటి గాల్లోకి పొడుచుకొచ్చి ఉంటుంది. అవి తెలియక చేసినవి కావు, ఆ శైలి కోరుకున్నది అదే, ఆ పద్ధతిలో బొమ్మ మొత్తం ఒక్క మాట మీద నిలబడి ఉంటుంది. చిక్కంతా ముక్కూ చెంపా ఫొటోలా వేసి కన్ను మాత్రం ఈజిప్టు పద్ధతిలో పెట్టినప్పుడే.

పైనుంచి, కిందినుంచి చూసే కోణాలకు విజయనగరం వాళ్లకు ఏడాదికోసారి మంచి పాఠం దొరుకుతుంది. విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. ఆ పొడవాటి మాను చివర అంత ఎత్తున పూజారి కూర్చుని ఉంటారు, కింద చదురుగుడి నుంచి కోట దాకా జనం తలలెత్తి చూస్తుంటారు. కిందినుంచి చూసినప్పుడు ముఖంలో ముందుకు పొడుచుకొచ్చినవన్నీ పైకి జరిగినట్టు కనిపిస్తాయి, వెనకున్నవి కిందికి దిగినట్టు ఉంటాయి. కంటిలో అన్నిటికన్నా ముందుకున్నది మధ్యభాగం, వెనకున్నవి కొలుకులు. కాబట్టి పై రెప్ప వంపు ఇంకా ఎత్తుగా వంగుతుంది, కింది రెప్ప వంపు చదునైపోతుంది, కోణం మరీ ఎక్కువైతే అది కూడా పైకే వంగుతుంది. చెవివైపు కొలుకులు కిందికి దిగుతాయి. కనుబొమకీ కంటికీ మధ్య ఎడం పెరుగుతుంది. పై రెప్ప అంచు మందం అడుగునుంచి కనిపిస్తుంది. పైనుంచి చూస్తే ఇదంతా తిరగబడుతుంది: పై రెప్ప వంపు చదునవుతుంది, కింది రెప్ప లోతుగా సాగుతుంది, కనుబొమ కంటి మీదికి వాలుతుంది, చెవివైపు కొలుకులు పైకి లేస్తాయి, కింది రెప్ప అంచు మీది తడి గీత కనిపిస్తుంది.

ఇక్కడే ఒక సూక్ష్మం ఉంది. కోట వైపు మేడల మీదినుంచి ఆ జనాన్ని ఫొటో తీస్తే ఫొటో పైనుంచి తీసిందే, కానీ ఆ ముఖాలు పైనుంచి చూసినట్టు ఉండవు. వాళ్లు తలలు వెనక్కి వాల్చి పైకి చూస్తున్నారు, కెమెరా కూడా పైనే ఉంది, రెండూ కలిసి ఆ కళ్లు దాదాపు ఎదురుకళ్లైపోతాయి. కోణం అంటే చూసేవాడు ఎక్కడున్నాడన్నది ఒక్కటే కాదు, ఆ ముఖానికీ చూసేవాడికీ మధ్య ఉన్న తేడా. దీన్ని పట్టించుకోకుండా పైనుంచి చూసే కళ్లు ఇలా ఉంటాయి అని ఒక సూత్రం పెట్టుకుని గుంపు మొత్తానికీ అదే వేస్తే ఆ గుంపులో ఎవరూ పైకి చూస్తున్నట్టు ఉండదు.

వినాయక చవితికి ముందు రోడ్డు పక్క షెడ్లలో విగ్రహాలకు కళ్లు దిద్దేవాళ్లు ఈ లెక్కని చేతివాటంగా చేసేస్తారు. స్టూలు మీద నిలబడి విగ్రహం ముఖానికి సమానంగా ఉండి కళ్లు వేస్తారు, కానీ రేపు దాన్ని చూసేవాళ్లు పందిట్లో కిందనుంచి చూస్తారు. సూటిగా ముందుకి చూసే కళ్లు పెడితే ఆ చూపు భక్తుల తలల మీదుగా పోతుంది. అందుకని నల్లగుడ్డుని కాస్త కిందికి దించి, పై రెప్పని దాంతోపాటు వాల్చితే కింద నిలబడినవాళ్లకు స్వామి తమనే చూస్తున్నట్టు ఉంటుంది. అవకాశం ఉన్నవాళ్లు ఆ పని జరుగుతున్నప్పుడు వెళ్లి చూడాలి. ఎంతో నేర్చుకోవచ్చు.

కిందికి చూసే కళ్లు అన్నవి విడిగా చెప్పుకోవాల్సిన విషయం, ఎందుకంటే పని చేసుకునే మనుషుల ముఖాల్లో ఎక్కువగా కనిపించేవి ఇవే. పలాసలో జీడిపప్పు పొట్టు తీసే ఆడవాళ్లు, పొందూరులో వాలుగ చేప దవడ ఎముకతో పత్తి ఏకేవాళ్లు, ఆ పక్కనే రాట్నం మీద నూలు వడికేవాళ్లు, అందరి చూపూ చేతుల మీదే. గుడ్డు కిందికి తిరిగితే పై రెప్ప దాని వెంటే దిగుతుంది. మామూలుగా రెప్ప మీద ఉండే మడత విచ్చుకుపోయి సన్నటి గీతగా మిగులుతుంది, కొందరిలో అదీ ఉండదు. ఆ రెప్ప నున్నగా, గుడ్డు ఆకారాన్ని యథాతథంగా చూపిస్తూ ఉంటుంది, ఒకవైపు వెలుగు పడితే నల్లగుడ్డు ముందున్న ఉబ్బు కూడా రెప్ప మీద తెలుస్తుంది. అంటే ఇక్కడ వేయాల్సింది కన్నుని కాదు, బంతి మీద కప్పిన రెప్పని. వెలుగు నీడలన్నీ ఒక గుండ్రటి వస్తువు మీద పడినట్టే పడాలి. వెంట్రుకలు పైకి కాకుండా ముందుకీ కిందికీ వాలి చెంప మీద చిన్న నీడ వేస్తాయి. ఇంకొకటి, చేతిలో ఉన్న పోగుని 30 సెంటీమీటర్ల దూరంలో పెట్టుకుని చూస్తుంటే రెండు గుడ్లూ ముక్కువైపుకి ఒక్కొక్కటీ 6 డిగ్రీల దాకా తిరుగుతాయి, నల్లగుడ్డు సుమారు ఒక మిల్లీమీటరు లోపలికి జరుగుతుంది. ఈ ఒక్క మిల్లీమీటరు వేయకపోతే ఆ మనిషి పని చూస్తున్నట్టు ఉండదు, పరధ్యానంలో ఉన్నట్టు ఉంటుంది.

వాలిన కళ్ల గురించి మాట్లాడుతూ వడ్డాది పాపయ్యని తలుచుకోకుండా ఉండలేం. 1921లో శ్రీకాకుళంలో పుట్టి, డ్రాయింగ్ మాస్టారుగా పనిచేస్తూ, చందమామ, యువ పత్రికల ముఖచిత్రాలతో వపాగా తెలుగు ఇళ్లన్నిటికీ చేరిన చిత్రకారుడు. ఆయన స్త్రీల కళ్లు శరీర కొలతల లెక్కకన్నా బాగా పొడుగు, ఎవరైనా స్కేలు పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. అయినా ఎక్కడా ఎబ్బెట్టుగా ఉండవు. వంపు ఎంత సాగదీసినా రెప్ప కింద గుడ్డు ఉందన్న నమ్మకం చెడదు, అవతలి కన్ను ఉండాల్సినంతే ఉంటుంది. ఆ సాగదీతని మాత్రమే కాపీ కొట్టే చాలామందికి కళ్లు పొడుగ్గా వస్తాయి కానీ ముఖంలో కూర్చోవు. ముందు మామూలు కొలతల కన్ను అన్ని కోణాల్లో వచ్చాకే సాగదీయడం, అలా కాకుండా ముందే మొదలుపెడితే అది శైలి అవ్వదు, అలవాటుగా మిగిలిపోతుంది.

విదేశీ వీడియోలు చూసి నేర్చుకునేవాళ్లకు ఇంకో చిక్కు రంగు దగ్గర వస్తుంది. నీలి, ఆకుపచ్చ కళ్లలో కనుపాప నల్లగా విడిగా తేలుతుంది, దాని చుట్టూ కిరణాల్లాంటి గీతలు స్పష్టంగా కనిపిస్తాయి. వీడియోలో ఆ గీతలు వేయడానికే సగం సమయం పోతుంది. మనవాళ్ల కళ్లు ఎక్కువగా ముదురు గోధుమరంగు, ఇంట్లో మామూలు వెలుతుర్లో కనుపాపకీ నల్లగుడ్డుకీ తేడా తెలియదు. అక్కడ కిరణాలు గీస్తే ముఖం మనది కాకుండా పోతుంది. ముదురు కంటికి 4బి, 6బి లాంటి మెత్తగా, నల్లగా రాసే పెన్సిళ్లతో ఒకే ముదురు మచ్చ, దాంట్లో ఒక మెరుపు, మెరుపుకి ఎదురు వైపు కొద్దిగా తేలిక చేసిన చోటు, ఇంతే సరిపోతుంది. ఎందుకు ఎదురు వైపు అంటే, పైన ఎడమనుంచి వచ్చిన వెలుగు ఆ ఉబ్బెత్తు పొరలో వంగి లోపల కింద కుడివైపున పడుతుంది. మెరుపు రెండు కళ్లలోనూ ఒకే వైపు ఉండాలి, కిటికీ ఒకటే కాబట్టి.

తెల్లగుడ్డుని కాగితం తెలుపులా వదిలేయడం కూడా అన్ని కోణాల్లో బొమ్మని చదును చేసే తప్పు. అది గుండ్రటి వస్తువు, కొలుకులవైపు నీడ పడుతుంది, పై రెప్ప దాని మీద ఒక చీకటి పట్టీ వేస్తుంది, బయట ఎండలో నిలబడిన మనిషిలో ఆ పట్టీ నల్లగుడ్డు పై సగాన్ని కప్పేస్తుంది. కింది రెప్ప అంచు మందాన్ని మామూలుగా లేతగా వదలాలి, అదే రెప్పకి మందం ఉందని చెప్పే చోటు. కాటుక పెట్టిన కళ్లలో మాత్రం ఆ అంచే ముదురుగా ఉంటుంది. అప్పుడు మందం చూపించడానికి అంచు కింద చర్మం మీద పడే చిన్న వెలుగు గీత మీద ఆధారపడాలి. చిన్నపిల్లల్లో లెక్క ఇంకా వేరు: పుట్టినప్పుడే నల్లగుడ్డు 10 మిల్లీమీటర్ల దాకా ఉండి రెండేళ్లకల్లా పెద్దవాళ్ల కొలతకి వచ్చేస్తుంది, ముఖం మాత్రం ఇంకా చిన్నదే. అందుకే వాళ్ల కళ్లలో తెలుపు తక్కువ, నలుపు ఎక్కువ.

ప్రాక్టీసు ఎక్కడ చేయాలంటే, ఇంట్లోనే మొదలుపెట్టడం మంచిది. టీవీ చూస్తున్న నాన్న పక్క ముఖం అరగంట కదలదు, కూర తరుగుతున్న అమ్మ కళ్లు వాలే ఉంటాయి. ఆ తర్వాత ఆర్టీసీ కాంప్లెక్సులో బస్సు కోసం కూర్చున్న జనం ఉంటారు, పాలకొండ బస్సో రాజాం బస్సో వచ్చేదాకా అన్ని కోణాల ముఖాలూ అక్కడే దొరుకుతాయి, కాకపోతే ముక్కూ మొహం తెలియనివాళ్లని రెప్ప వేయకుండా చూస్తే ఇబ్బంది పడతారు కాబట్టి ఒకసారి చూసి, తల దించి, గుర్తున్నంత వేయడం పద్ధతి. అదే మంచి అభ్యాసం కూడా. చూసినదాన్ని కాగితం దాకా మోసుకెళ్లేటప్పుడు బుర్ర వివరాలు వదిలేసి ఆకారాన్ని పట్టుకుంటుంది. ఒక్కో జత కళ్లకు రెండు నిమిషాలు మించకూడదు. వెంట్రుకలు వేయకూడదు, షేడింగ్ వద్దు. ముక్కు దూలం రెండు గీతలు, కొలుకులు నాలుగు చుక్కలు, రెప్పల వంపులు, నల్లగుడ్లు, అంతటితో ఆపాలి. డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలకు కూర్చునే పిల్లలు కూడా పూర్తి చేసిన బొమ్మలకన్నా ఇలాంటి గీతల పేజీలు ఎక్కువ నింపితే ముఖం వేయాల్సి వచ్చినప్పుడు టెన్షన్ ఉండదు.

వేసినది సరిగ్గా ఉందో లేదో తేల్చుకోవడానికి కాగితాన్ని తిరగేసి కిటికీ అద్దానికి ఆనించి వెనకనుంచి చూడాలి. చేతికి అలవాటైన వంపు ఇటునుంచి చూస్తే కంటికి ఆనదు, తిరగబడగానే ఒక కన్ను జారిపోయి ఉన్నది, అవతలి కన్ను వెడల్పైపోయినది వెంటనే బయటపడతాయి. అక్కడే వెనకవైపు పెన్సిలుతో సరిచేసిన గీత గీసి, మళ్లీ ఇటు తిప్పి దాని మీదుగా దిద్దుకోవచ్చు. ఎక్కువగా దిద్దాల్సి వచ్చేది అవతలి కన్ను చెవివైపు కొలికే, దాన్ని రెండు మూడు మిల్లీమీటర్లు లోపలికి తెస్తే చాలాసార్లు ముఖం మొత్తం సర్దుకుంటుంది.